పసుపు పెట్టిన కోటు

రిసార్టు నుంచి తిరిగొచ్చిన వారానికి ఈరోజు బ్యాగు ఖాళీ చేస్తుంటే పక్క జేబులోంచి ఒక పసుపు కొమ్ము దొర్లి పడింది. దోమల క్రీము, జ్వరం చూసే మీటరు, చేతులు తుడిచే తడి కాగితాలు, దారిలో పాపకు వాంతి అయితే పనికొస్తాయని పెట్టుకున్న కవర్లు, ఇవన్నీ నేను సర్దినవి. ఒక్కటీ వాడకుండానే తిరిగొచ్చాయి. పసుపు కొమ్ము మాత్రం నేను పెట్టింది కాదు. దాని ఒక కొన అరిగిపోయి ఉంది, తడి రాతి మీద రుద్దిన గుర్తు. అది మా పెద్దమ్మది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కావేరిపట్టణంలో వాళ్ళ పెరట్లో ఆరేసిన బట్టల వాసన వచ్చింది. పాప నిద్రపోయింది. ఊపిరి సరిగ్గా తీస్తోందా లేదా అని మామూలుగా నేను ఈ వేళకు రెండుసార్లైనా లేచి చూసి వస్తాను. ఈరోజు ఆ పసుపు కొమ్మును బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

మాది హోసూరు. నాన్న బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు కాబట్టి మా ఇంట్లో పగలు కూడా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉన్నట్టే ఉండేది. గిన్నె చప్పుడు కాకూడదు, రేడియో పెట్టకూడదు. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మ నన్ను కావేరిపట్టణంలో ఉండే వాళ్ళక్క ఇంట్లో దించి వచ్చేది. ఆ అక్కే మా రాజమ్మ పెద్దమ్మ. ఆమెకు పిల్లలు లేరు. పెద్దమ్మ ఇంట్లో గట్టిగా మాట్లాడకపోతేనే తప్పు. "ఏమ్మా, నోట్లో కొబ్బరి ముక్క పెట్టుకున్నావా, మాటే రాలేదే" అనేది. ఏటి ఒడ్డున వాళ్ళకు కొబ్బరి తోట, ఊళ్ళో కొబ్బరికాయల మండీ ఉండేవి. తోట పెద్దనాయన చూసుకునేవాడు, మండీ పెద్దమ్మ చూసుకునేది. ఎందుకు అట్లా అంటే పెద్దనాయన మెల్లగా నవ్వి, "చెట్లతో నేను మాట్లాడతా, మనుషులతో ఆమె మాట్లాడతాది" అనేవాడు. ఎవరైనా బేరానికి వస్తే ఆయన లేచి పశువుల పాక వైపు వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు రిసార్టుల బొమ్మలు ఫోనులో చూస్తుంటే నాకు ఆ తోటే గుర్తొస్తుంది. పగలంతా కొబ్బరిచెట్ల కింద నులక మంచం. ఎండ జరిగే కొద్దీ మంచాన్ని నీడలోకి జరపడమే పని. పెద్దనాయన లేత కాయ కొట్టి, బొప్పాయి ఆకు కాడను రెండు వైపులా కోసి అందులో గుచ్చి ఇచ్చేవాడు. ఆ కాడ వల్ల నీళ్ళకు కొంచెం చేదు తగిలి, తరువాత తీపి ఇంకా ఎక్కువగా తెలిసేది. మధ్యాహ్నం కాయలు ఒలిచే గునపం చప్పుడు, ఎండుతున్న కొబ్బరి వాసన, దూరంగా మామిడికాయల లారీల హారన్లు. సాయంత్రం ఏటిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. ఎవరూ నాకు క్రీము రాయలేదు. ఏ రోజుకారోజు కాలికి ఏదో ఒకటి గుచ్చుకునేది, పెద్దమ్మ దాని మీద పసుపు అద్ది, "పో" అనేది.

ఆ సెలవుల్లో నేను ఎదురుచూసేది తోట కోసం కూడా కాదు, వారం వారం జరిగే సంత కోసం. సంతలో కూరగాయలు, పగ్గాలు, మేకలు దాటుకుని చివరికి వెళ్తే నేలమీద టార్పాలిన్లు పరిచి పాతబట్టల గుట్టలు పోసేవారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఓడల్లో మూటలుగా వచ్చిన బట్టలు. మూట మీద ఇనుప పట్టీ తెంచగానే నాఫ్తలీను గుండ్ల వాసన, దాని వెనక ముక్కిన వాసన గుప్పుమనేది. ఆ వాసన వస్తే చాలు, పెద్దమ్మ చీర కొంగు నడుముకు దోపుకునేది. అమ్మే ఆయన పేరు బాషా. ఆమెను చూడగానే, "వచ్చినావామ్మా, ఈరోజు నాకు లాభం లేదు" అనేవాడు. "నేనేమన్నా ఊరికే ఎత్తుకొని పోతాండానా బాషా?" అంటే, "ఎత్తుకొని పోతే బాగుండు, బేరం చేసేదానికి నా గొంతు పోతాది" అనేవాడు.

మా పెద్దమ్మ బట్టను చూసి కొనేది కాదు, తడిమి కొనేది. గుట్టలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుని బాషాతో మాట్లాడుతూ ఉండేది. వేళ్ళకు ఏదో తగలగానే మాట ఆగిపోయేది. బయటికి లాగి, ముందు తిరగేసి కుట్లు చూసేది, గుండీని ఒకసారి లాగేది, చంక దగ్గర వాసన చూసేది, చివరికి ఎండకు అడ్డంపెట్టి చూసేది. రంగు, బొమ్మ అన్నిటికంటే ఆఖరున. "కండ్లు మోసపోతాయి, వేళ్ళు మోసపోవు" అని నాకు చెప్పేది. అట్లా నాకు దొరికిన గౌన్లు మా హోసూరు వీధిలో ఎవరికీ లేవు. వీపున వరసగా ముత్యాల గుండీలు ఉన్నది ఒకటి, నావికుల కాలరున్నది ఒకటి. పెద్దనాయనకు ఒకసారి చొక్కా తెచ్చింది. దాని నిండా కొబ్బరిచెట్లు, నీలం సముద్రం, పడవలు. ఆయన దాన్ని వేసుకుని తోటలోకి వెళ్తే కాయలు దించేవాళ్ళు చెట్టు మీది నుంచే అరిచారు. "అన్నా, నీ చొక్కాలో చెట్లకు కూడా మమ్మల్నే ఎక్కమంటావా?" పెద్దనాయన చొక్కా వైపు ఒకసారి చూసుకుని, "ఈ చెట్లకు కాయలు పడలేదప్పా, ఎక్కొద్దు" అన్నాడు.

ఇంటికి తెచ్చిన బట్టలను వెంటనే వేసుకోనిచ్చేది కాదు. పెరట్లో పెద్ద అండాలో నీళ్ళు మరిగించి, వేపాకు, సబ్బుపొడి వేసి, కర్రతో తిప్పి తిప్పి ఉడకబెట్టేది. దానికి ముందు జేబులు వెతకడం నా పని. అదే నాకు పెద్ద పండుగ. చదవలేని అక్షరాల బస్సు టిక్కెట్లు, జుట్టు క్లిప్పు, ఎండిపోయిన పువ్వు, ఒకసారి చిన్న గవ్వ. ఒక పిల్లవాడి నిక్కరు జేబులో తెల్లటి ఇసుక దొరికింది. మన ఏటి ఇసుకలాగా కాదు, పంచదారలాగా ఉంది. నేను దాన్ని అరచేతిలో పోసుకుని పెద్దమ్మకు చూపించాను. ఆమె వేలితో కదిపి, నాలుక మీద ఒక రేణువు వేసుకుని, "ఉప్పగా ఉండాది. సముద్రం" అంది. ఆమె అప్పటికి సముద్రం చూడలేదు. ఆ ఇసుకను పారేయనివ్వలేదు. తులసికోటలో మొక్క మొదట్లో పోసింది. "అంత దూరం నుంచి మన ఇంటికి వచ్చింది, ఉండనీ" అంది.

బట్టలు ఆరాక అసలు సంగతి. మా ఇళ్ళల్లో కొత్తబట్ట కట్టుకునే ముందు అంచు మూలన పసుపు పెడతారు. పెద్దమ్మ పాతబట్టలకు కూడా పెట్టేది. రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి పసుపు కొమ్ము రుద్ది, ఉంగరపు వేలితో అంచు లోపలివైపు ఒక చిన్న బొట్టు. ఒక ఏడాది సెలవులకు అమ్మ కూడా వచ్చింది. అది చూసి, "ఎవురో వేసి విడిచిందానికి పసుపేందక్కా" అని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. "మన ఇంటికి కొత్తగా వచ్చింది గదా. కోడలు వస్తే పెట్టమా పసుపు? ఆయమ్మ ఇంకో ఇంట్లో ఇరవై ఏండ్లు పెరిగిందే" అంది.

ఒకసారి సంతలో ఆమె ఒక పావడాను తిరగేసి చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. లేత ఆకుపచ్చ నూలు పావడా, పెద్ద విశేషం ఏమీ లేదు. "ఇట్ల రా" అని నన్ను పిలిచి అంచు మూల చూపించింది. ఎన్ని ఉతుకులకో పాలిపోయిన పసుపు బొట్టు. చూస్తే మరక అనుకుంటాం. పెద్దమ్మ దాని మీద బొటనవేలు ఆనించి కొంచెంసేపు అట్లాగే నిలబడింది. "ఇది మనోళ్ళ ఇంటిది. ఎవురో తల్లి పెట్టింది" అంది. ఆరోజు బేరం చెయ్యలేదు. బాషాకు భయం వేసింది. "ఒంట్లో బాగలేదామ్మా?" అని అడిగాడు. ఇంటికి వచ్చి ఆ బొట్టు పక్కనే ఇంకో బొట్టు పెట్టింది. ఆ పావడా నాకు పొట్టిదైపోయేదాకా వేసుకున్నాను. దువ్వెన పోగొట్టుకున్నా తిట్లు పడేవి కానీ, ఆ పావడా వేసుకున్న రోజు నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదని నాకు గట్టి నమ్మకం.

కోటు వచ్చింది కూడా ఆ గుట్టలోంచే. చలికాలం మొదలవుతున్న రోజులు, నేను పండుగ సెలవులకు వెళ్ళాను. తెల్లగా, బరువుగా, మోకాళ్ళ కిందికి దిగే కోటు. పెద్ద జేబులు, నడుముకు అదే గుడ్డతో చేసిన పట్టీ. గుడ్డ నిండా చిన్న చిన్న దారపు ఉంగరాలు, గొర్రెపిల్లను తడిమినట్టు ఉంటుంది. రొమ్ము జేబు మీద బంగారు దారంతో కుట్టిన ఒక చెట్టు. పెద్దమ్మ ఆ చెట్టును చూసి బాషా వైపు తిరిగింది. "ఇదేందప్పా, కొబ్బరిచెట్టు గుర్తు?" బాషా ఏ మాత్రం తడుముకోకుండా, "ఫారిన్‌లో కొబ్బరి మండీ ఓనర్లు వేసుకునే కోటు తల్లీ. నీకోసమే వచ్చినట్ల ఉండాది" అన్నాడు. అబద్ధం చెప్పాడో, అతనికీ తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఆమె చలికాలం తెల్లవారుజామున ఆ కోటు వేసుకునే మండీకి వెళ్ళేది. చీర మీద తెల్లకోటు, నడుముకు బిగించిన పట్టీ, జేబులో పసుపు కొమ్ము, వక్కాకు సంచి. ఏటి మీది నుంచి వచ్చే మంచులో ఆమె నడిచి వస్తుంటే బండ్లవాళ్ళు పక్కకు జరిగేవారు. ముందు తమాషాకు, తరువాత మర్యాదకు, ఆమెను అందరూ కోటమ్మ అనడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదే ఆమె పేరనుకునేవారు. పెద్దనాయన తమ్ముడి కొడుకు పెళ్ళిపత్రికలో కూడా కోటమ్మ అనే అచ్చు వేశారు, రాజమ్మ అని ఎవరికీ గుర్తు రాలేదు. హోసూరు చలికి మా ఇంటికి వచ్చినా ఆ కోటే. పెద్దనాయనకు ముఖ్యమైన పని పడితే ఆయనకు తొడిగి పంపేది. ఆయన దాన్ని వేసుకుని బ్యాంకులో మేనేజరు ముందు కూర్చున్నాడు, తమ్ముడి కొడుకుకు సంబంధం మాట్లాడటానికి కూడా వెళ్ళాడు.

పెళ్ళయ్యాక మా ఆయన గిరి, నేను కేరళలో నీళ్ళ ఒడ్డున ఒక చోట ఉండటానికి వెళ్ళాం. కొబ్బరిచెట్లు, పడవలు, ఆకుల కప్పు కుటీరం. అచ్చం పెద్దనాయన చొక్కాలోకి నడిచి వెళ్ళినట్టు ఉంది. చేతులు కడుక్కుందామని స్నానాలగది తలుపు తెరిచాను. తలుపు వెనక కొక్కానికి మా పెద్దమ్మ వేలాడుతోంది. ఒక్క క్షణం నాకు నిజంగా అట్లాగే అనిపించింది. అదే తెలుపు, అదే పట్టీ, అవే జేబులు. రొమ్ము మీద చెట్టు బదులు ఆ చోటి గుర్తు. స్నానం చేశాక ఒళ్ళు ఆరేదాకా చుట్టుకునే కోటు. నేను అక్కడే గడప మీద కూర్చుని నవ్వాను. మండీ మంచులో ఆమె నడిచి వచ్చే తీరు గుర్తొచ్చింది. బ్యాంకు మేనేజరు ముఖం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకున్నాను. ఈ సంగతి పెద్దమ్మకు ఎప్పటికీ తెలియకూడదు అనుకున్నాను. గిరితో ఒట్టు వేయించుకున్నాను. "స్నానం కోటని తెలిస్తే ఏమవుతుంది?" అన్నాడు. ఆయనకు చెప్పి ప్రయోజనం లేదు, ఆయన కోటమ్మను మండీలో చూడలేదు.

నాకు భయం పుట్టుకతో వచ్చింది కాదు, మేఘతో వచ్చింది. మా పాప నెలలు నిండకుండా పుట్టి చాలారోజులు అద్దాల పెట్టెలో ఉంది. అప్పటి నుంచి నాకు ప్రతి వస్తువూ కడగాల్సిందిగానే కనిపిస్తుంది. పుట్టిన బిడ్డకు మొదట పాతబట్టే చుట్టాలని పెద్దమ్మ పెద్దనాయన పాత పంచె చింపి, మడతపెట్టి తెచ్చింది. నేను దాన్ని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి విజిళ్ళు వచ్చేదాకా ఉడికించాను. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి చూసి, "ఉప్పేసినావామ్మా?" అని అడిగింది. నేను ఏడవబోయి నవ్వాను. ఆ ఇంట్లో చాలారోజుల తరువాత వినిపించిన నవ్వు అదే.

అట్లాంటి పెద్దమ్మ, పోయిన ఏడాది పెద్దనాయన చనిపోయాక మాట తగ్గించేసింది. తోట కౌలుకిచ్చింది, మండీకి వెళ్ళడం మానేసింది. సంతకు పోవడం లేదని పక్కింటివాళ్ళు ఫోనులో చెప్పినప్పుడు నాకు అన్నిటికంటే దిగులేసింది. ఈ ఎండాకాలం గిరి పనిచేసే ప్లాంటుకు వారం సెలవు వచ్చింది. అంచెట్టి దారిలో, అడవి అంచున కొత్తగా పెట్టిన రిసార్టు ఉంది, అక్కడికి పోదాం, పెద్దమ్మను కూడా తీసుకెళ్దాం అన్నాను. నాలుగుసార్లు వద్దంది. ఐదోసారి మేఘ ఫోను లాక్కుని, "అవ్వా, నువ్వు రాకపోతే మమ్మీ నన్ను నీళ్ళల్లో దిగనియ్యదు" అంది. "ఎన్ని గంటలకు బయలుదేరేది?" అంది పెద్దమ్మ.

హోసూరు బస్టాండులో దిగినప్పుడు ఆమె చేతిలో ఒక సంచి, ఆ సంచిలోంచి తొంగిచూస్తూ తెల్లటి గుడ్డ. "కొండ పక్క గదా, తెల్లారి చలి పెడతాది, కోటు తెచ్చుకున్నా" అంది. రిసార్టు వెబ్‌సైటులో నేను గది ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను, కిటికీలకు దోమతెర ఉందా, కొళాయి కింద జారుతుందా అని. బీరువాలో వరసగా వేలాడుతున్న రెండు తెల్లకోట్లు కూడా చూశాను. ఏడాది తరువాత గడప దాటి వచ్చిన మనిషి. అది చూసి, ఇన్నేళ్ళు ఊరంతా నన్ను చూసి నవ్విందా అనుకుంటే, మళ్ళీ ఆ తలుపు మూసుకుంటుంది, ఈసారి తెరుచుకోదు. దారంతా నాకు అదే.

కారులో పెద్దమ్మ మెల్లగా మాటల్లో పడింది. "ఆడ ఏముంటాదప్పా?" అని గిరిని అడిగింది.

"కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు ఉంటాయత్తా. చెట్ల కింద మంచాలేసి ఉంటారు. లేత కాయలు కొట్టిస్తారు."

"కొబ్బరిచెట్ల కింద పడుకునేదానికి దుడ్డిస్తామా?"

"అవునత్తా."

ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది. "మీ పెద్దనాయనకు ఈ యాపారం తెలీకపాయె" అంది.

రిసార్టుకు చేరగానే, పాపను మూత్రానికి తీసుకెళ్ళాలని చెప్పి నేను తాళంచెవి తీసుకుని ముందు పరిగెత్తాను. బీరువాలోని రెండు కోట్లూ తీసి, చుట్టచుట్టి, మంచం కింద తోసేశాను. మేఘ నిలబడి చూస్తోంది. "మమ్మీ, అవి క్లీన్ కాదా?" అంది. ఈ ప్రశ్న అది ఈమధ్య అన్నిటి గురించీ అడుగుతుంది, ఊయల గురించి, అమ్మమ్మ చేతి ముద్ద గురించి కూడా. "క్లీనే, కానీ వద్దు" అన్నాను. తలుపు దగ్గరగా వేసి, సామాన్ల కోసం మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళి వచ్చాం. పెద్దమ్మ లోపలికి వచ్చి, పరుపు వేళ్ళతో నొక్కి చూసి, దుప్పటి అంచు తిరగేసి కుట్టు చూసి, పరవాలేదన్నట్టు కూర్చుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే తలుపు తట్టారు.

గదులు సర్దే ఆమె, పేరు మునెమ్మ, అంచెట్టి పక్క పల్లె ఆమె. చేతుల మీద మడతపెట్టిన తెల్లకోట్లు. "అమ్మా, ఇందాక నీళ్ళ బాటిళ్ళు పెట్టను వచ్చినాను, బీరువాలో కోట్లు లేవు. పాత గెస్టు ఎత్తుకొని పోయినట్లుండాడు. ఇవి పెట్టుకోండి" అంది. నేను ఆమెకూ పెద్దమ్మకూ మధ్య నిలబడటానికి ప్రయత్నించాను. పెద్దమ్మ నా భుజం మీది నుంచి చూసింది. లేచి వచ్చింది. చెయ్యి చాచి గుడ్డ తడిమింది.

"ఇది నా కోటు గదా" అంది. తన సంచిలోంచి తీసి పక్కన పెట్టింది. పాతబడి పాల మీగడ రంగుకు వచ్చింది గానీ, అదే కోటు.

మునెమ్మ రెండూ చూసి, "అవునమ్మా. నీళ్ళు పోసుకున్నాక వేసుకునేది. తడి పీల్చుకుంటాది" అంది.

"నీళ్ళు పోసుకున్నాకనా?"

"అవును. లోపల ఏం లేకుండా."

గిరి గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు. పెద్దమ్మ తన కోటు రొమ్ము మీది బంగారు చెట్టును వేలితో నిమిరింది. ఆమె పెదవులు ఒకసారి వణికాయి. ఏడుస్తోంది అనుకుని ముందుకు అడుగేశాను. ఆమె మంచం మీద కూలబడి, నోటికి కొంగు అడ్డంపెట్టుకుని, "మీ పెద్దనాయన దీన్ని వేసుకొని సంబంధం మాట్లాడను పోయినాడే" అంది. భుజాలు ఊగిపోయేలా, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. మునెమ్మకు ఏమీ తెలియకపోయినా నవ్వింది. మేఘ మంచమెక్కి గెంతింది.

"వాళ్ళు పిల్లనిచ్చినారా అత్తా?" అన్నాడు గిరి.

"ఇచ్చినారప్పా. మర్యాదస్తుడని ఇచ్చినారు."

నవ్వు తగ్గాక నా వైపు తిరిగింది. "నీకు ముందే తెల్సు."

"పెళ్ళైన కొత్తలో చూసినాను పెద్దమ్మా."

"ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకొని మోసినావా? పిల్లకంటే ఎక్కువ నెలలు మోసినావే." మంచం కింద నుంచి మేఘ అప్పటికే మిగతా రెండు కోట్లూ లాగి బయటపడేసింది. పెద్దమ్మ వాటిని చూసి, నన్ను చూసి తల ఊపింది. "నేనేమన్నా అద్దం బొమ్మనామ్మా, పగిలిపోయేదానికి? చలికి వెచ్చగా ఉండె. మంచు తడి ఒంటికి తగలకుండా ఉండె. మండీలో నా మాట చెల్లె. ఎందుకు కుట్టినారో వాళ్ళకు తెల్సు, ఎందుకు కొన్నానో నాకు తెల్సు." తరువాత కొత్తకోటును మళ్ళీ తడిమి, తిరగేసి, కుట్టు లాగి, మునెమ్మతో అంది. "దీంట్లో నూలు తక్కువ. నాదే గట్టి."

ఆ సాయంత్రం ఆమె వేడినీళ్ళు పోసుకుని, మొదటిసారిగా ఆ కోటును ఎందుకు కుట్టారో అందుకు వేసుకుంది. జుట్టు ముడి వదిలి, వరండాలో కొబ్బరిచెట్టు నీడన వాలుకుర్చీలో కూర్చుని, లేత కాయ తాగింది. గొట్టం ప్లాస్టిక్‌ది కాదు గానీ కాగితంది, నానిపోయింది. "బొప్పాయి కాడ పెట్టమని చెప్పండప్పా వీళ్ళకు" అంది. కళ్ళు మూసుకుని, "ఇదా దీని సుఖం. అన్యాయంగా మండీకి తిప్పినాను దీన్ని" అంది.

మేఘ ఈత తొట్టి దగ్గర అంచున నిలబడి నన్నే చూస్తోంది. నీళ్ళల్లో వేసే మందు గురించి, లోతు గురించి నేను ముందే రిసెప్షన్‌లో అడిగి వచ్చాను. అయినా నా నోట్లోంచి వచ్చేది వద్దు అనే మాటే. పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే, "నువ్వూ దిగు దాంతో. నువ్వు పక్కనుంటే నీకే ధైర్యం" అంది. దిగాను. నడుము లోతు కూడా లేదు. మేఘ నా మెడ పట్టుకుని, తరువాత చెయ్యి పట్టుకుని, తరువాత ఏమీ పట్టుకోకుండా నీళ్ళు కొట్టింది. ఆ అరుపులకు పక్క గదుల పిల్లలు కూడా వచ్చి చేరారు. వణుకుతూ పైకి వచ్చాక, అవ్వ వేసుకున్న కోటులాంటిదే కావాలని పేచీ పెట్టింది.

మునెమ్మ చిన్నపిల్లల సైజు లేదంటూ పెద్దదే తెచ్చింది. పెద్దమ్మ, "ఆగు" అంది. కోటు జేబులోంచి పసుపు కొమ్ము తీసి, వరండా మెట్టు మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి రుద్దింది. నేను, "పెద్దమ్మా, అది హోటలుది, మరక పడితే..." అని మొదలుపెట్టి మునెమ్మ వైపు చూశాను. మునెమ్మ గోడకు ఆనుకుని, "పెట్టనీండమ్మా. మేమూ పెడతాము గదా కొత్తదానికి. ఎట్లాగూ ఇవి పాతబడినాక మూటలు కట్టి లారీకి ఇచ్చేస్తారు. యాడికి పోతాయో" అంది. పెద్దమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. తరువాత అంచు తిరగేసి, లోపలివైపు మూలన, ఉంగరపు వేలితో ఒత్తిపట్టి బొట్టు పెట్టింది. మామూలుకంటే కొంచెం పెద్దదే పెట్టింది. మేఘ వంగి చూసి, "అవ్వా, ఇది క్లీనా?" అంది. "ఇప్పుడైంది" అంది పెద్దమ్మ.

ఇప్పుడు బట్టలు మా అపార్ట్‌మెంటు తలుపు దగ్గరికే కవర్లలో వస్తాయి. నచ్చకపోతే తిరిగి పోతాయి. పిల్లల పాతబట్టలు కూడా వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టి అమ్ముతారు, నేనూ కొంటాను, కొని మూడుసార్లు ఉతుకుతాను. కానీ ఫోటోను వేళ్ళతో తడమలేం, దాని జేబులో ఇసుక ఉండదు. కొబ్బరి నీడకు టిక్కెట్టు కొంటున్నాం. ఇవన్నీ పోయాయని చెప్పడానికి కూర్చోలేదు నేను. మా ఇంట్లో పెద్దమ్మ ఉంది, ఇంకో నాలుగు రోజులు ఉంటానంది. ఈ ఆదివారం పాతబట్టలు ఎక్కడ పోస్తారో హోసూరంతా ఆరా తీసింది, బాషా కొడుకు ఇక్కడే ఎక్కడో గుట్ట పెడుతున్నాడట. మేఘ జేబులు వెతకడానికి సిద్ధంగా ఉంది.

నాకు మాత్రం ఆ రిసార్టు కోటే కళ్ళముందు ఉంది. ఎన్నో వేసవులు ఎవరెవరి తడి ఒళ్ళో పీల్చుకుని, పాతబడి, మూటలోకి ఎక్కి, లారీ మారి, ఓడ మారి, ఏ ఊరి సంతలోనో టార్పాలిన్ మీద పడుతుంది. ముఖం పక్కకు తిప్పుకుని బేరమాడుతున్న ఒకామె చెయ్యి గుట్టలో దానికి తగులుతుంది. లాగి, తిరగేసి, కుట్టు చూస్తుంది. అంచు మూలన పాలిపోయిన బొట్టు దగ్గర ఆమె బొటనవేలు ఆగుతుంది.

ఆరోజు ఆమె బేరం చెయ్యదు.